పేరు స్లో మోషన్... వేగం 258!

ఆగస్టు మొదటి ఆదివారం. పిల్లల్ని చూద్దామని అమెరికాలోని సియాటిల్ వెళ్లిన తెలుగు అమ్మానాన్నలకు ఆ రోజు ఇంట్లో కూర్చునే అవకాశం దాదాపు ఉండదు. గొడుగు, మడత కుర్చీలు, పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు కారులో పడతాయి. ఎక్కడికంటే... పడవ పందేలకు! పడవ పందేలనగానే కేరళలో వందమంది తెడ్లు వేసే పాము పడవలు గుర్తొస్తాయి మనకి. ఇక్కడ తెడ్లూ ఉండవు, పాటలూ ఉండవు. ఒడ్డున కూర్చుని కళ్లు చిట్లించి చూసేలోగా ఏదో ఒకటి నీటి మీద నుంచి రివ్వున వెళ్లిపోతుంది. దాని వెనకాల అరవై అడుగుల ఎత్తున తెల్లటి నీటి గోడ లేస్తుంది. కోడిపుంజు తోకలా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దాన్ని ఇక్కడివాళ్లు ‘రూస్టర్ టెయిల్’ అంటారు. కోడిపుంజు తోకంటే ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పెద్దాయనకు ఎవరూ వివరించనక్కర్లేదు.

లేక్ వాషింగ్టన్ సియాటిల్‌కు తూర్పున సుమారు 35 కిలోమీటర్ల పొడవున పరచుకున్న మంచినీటి సరస్సు. దీని అవతలి ఒడ్డు వైపే బెల్‌వ్యూ, రెడ్‌మండ్ పట్టణాలున్నాయి. మైక్రోసాఫ్ట్ పుణ్యమా అని అక్కడ తెలుగు వినిపించని వీధి తక్కువ. రోజూ ఆఫీసుకు వెళ్లే మనవాళ్లు ఈ సరస్సును దాటేది కూడా మామూలు వంతెనల మీద కాదు. నీళ్లలో తేలే కాంక్రీటు డబ్బాల మీద కట్టిన వంతెనలవి. ఆకాశం తేటగా ఉంటే దక్షిణాన మంచు కప్పుకున్న రెయినియర్ కొండ కనిపిస్తుంది. ఇంత ప్రశాంతమైన చోటికి ఇంత హోరు ఎక్కణ్నుంచి వచ్చింది?

కార్ల వ్యాపారి కల

అది తెలియాలంటే 1950లోకి వెళ్లాలి. అప్పటికి నీటి మీద ప్రపంచ వేగం రికార్డు ఇంగ్లండుకు చెందిన సర్ మాల్కమ్ కాంప్‌బెల్‌ది. 1939 ఆగస్టులో కోనిస్టన్ సరస్సు మీద ‘బ్లూబర్డ్ కె4’ పడవలో ఆయన గంటకు 141.74 మైళ్లు... అంటే 228 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చింది, పోయింది. 1948 చివరి రోజున కాంప్‌బెల్ కూడా కన్నుమూశాడు. రికార్డు మాత్రం కదల్లేదు.

దాన్ని కదిలించింది పేరున్న నౌకా కంపెనీ ఏదీ కాదు. సియాటిల్‌లో క్రైస్లర్ కార్లు అమ్ముకునే స్టాన్ సేయర్స్. ఆయనకు తోడు పడవల డిజైను పిచ్చి ఉన్న టెడ్ జోన్స్, పడవలు కట్టే యాంకర్ జెన్సన్. ముగ్గురూ కలిసి జెన్సన్ యార్డులో చెక్కతో ఓ పడవ చేశారు. పేరు ‘స్లో-మో-షున్ 4’. పలికితే ‘స్లో మోషన్’ అని వినిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే నత్తనడక! 1950 జూన్ 26 ఉదయం శాండ్ పాయింట్ దగ్గర సరస్సు మీద కొలిచిన మైలు దూరాన్ని అటూ ఇటూ పరిగెత్తి, సగటున గంటకు 160.323 మైళ్లు సాధించిందా నత్త. 258 కిలోమీటర్లు. పదకొండేళ్లుగా చెక్కుచెదరని రికార్డు ఒక్క పొద్దులో దాదాపు ఇరవై మైళ్లు ముందుకు జరిగింది. రెండేళ్ల తర్వాత అదే పడవ 178.497 మైళ్లకు వెళ్లింది.

డిజైను గొప్పతనం ఎవరిదన్న విషయంలో జోన్స్‌కూ, జెన్సన్‌కూ తర్వాత పడలేదు. ఊరు మాత్రం ముగ్గుర్నీ నెత్తిన పెట్టుకుంది.

సగం మునిగితే చాలు

ఇంతకీ రహస్యం ఎక్కడుంది? ఇంజన్లోనా? ఇంజనూ సామాన్యమైందేం కాదు. యుద్ధ విమానాల కోసం తయారైన ఎల్లిసన్ వి-1710. పన్నెండు సిలిండర్లు, 28 లీటర్ల సామర్థ్యం. యుద్ధం ముగిశాక ఇలాంటివి మిగులు సరుకుగా చవగ్గా దొరికేవి. కానీ విమానం ఇంజన్లను అప్పటికే చాలామంది పడవల్లో పెట్టారు. స్లో-మో తేడా దాని వెనక, నీటి గీత దగ్గర ఉంది. ప్రొపెల్లర్‌లో.

ప్రొపెల్లర్ ఎంపికలో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి వ్యాసం. రెండోది పిచ్. ఇది క్రికెట్ పిచ్ కాదండోయ్! మరమేకును చెక్కలో ఒక చుట్టు తిప్పితే కొంత లోపలికి దిగుతుంది కదా, అలాగే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్కే పిచ్. ఈ సరస్సు మీదే షికారుకు తిరిగే మామూలు మోటారు పడవను తీసుకుందాం. ఇంజను నిమిషానికి 5500 చుట్లు తిరిగితే, గేర్లు దాన్ని సగానికి తగ్గించి ప్రొపెల్లర్‌ను 2750 చుట్లు తిప్పుతాయనుకుందాం. పిచ్ 21 అంగుళాలైతే లెక్క ప్రకారం గంటకు 88 కిలోమీటర్లు రావాలి. రాదు. నీళ్లు చెక్క కాదు కదా! ఇసుకలో నడిచేవాడి కాలు వెనక్కి జారినట్టు ప్రొపెల్లర్ కూడా జారుతుంది. పది శాతం జారిందనుకుంటే 79 దగ్గర ఆగుతుంది.

మరి పిచ్ పెంచితే? 21 తీసి 23 బిగిస్తే వేగం పెరగాలిగా అని అందరికీ అనిపిస్తుంది. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. పిచ్ ఒక్క అంగుళం పెరిగితే ఇంజను వేగం సుమారు 150 నుంచి 200 చుట్లు పడిపోతుంది. నాలుగో గేరులో ఘాట్‌రోడ్డు ఎక్కే బైకులా ఇంజను మూలుగుతుంది. పూర్తి శక్తినిచ్చే చోటికి అది చేరనే చేరదు. ఇంకా చిత్రమేమిటంటే, బరువెక్కిన పడవకు కొన్నిసార్లు పిచ్ తగ్గిస్తేనే వేగం పెరుగుతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్కులు ముందు ఇంజను ఎన్ని చుట్లు అందుకుంటోందో మీటరులో చూస్తారు. ఆ తర్వాతే రెంచి చేతిలోకి తీసుకుంటారు.

స్లో-మో లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అందులో గేర్లు చుట్లను తగ్గించవు, మూడింతలు చేస్తాయి. ఇంజను ఒక చుట్టు తిరిగితే చిన్న ప్రొపెల్లర్ మూడు చుట్లు తిరుగుతుంది. నిమిషానికి తొమ్మిది వేలకు పైగా! పడవ వేగం అందుకున్నాక ముందువైపు రెండు పక్కలా ఉన్న చెక్క బుడుపులు, వెనక ప్రొపెల్లర్... ఈ మూడే నీటిని తాకుతాయి. ప్రొపెల్లర్ కూడా కింది సగమే మునుగుతుంది. పై సగం గాల్లో ఉంటుంది.

సగం గాల్లో తిరిగితే శక్తి వృథా కాదా? కాదు. నీళ్లలో పూర్తిగా మునిగి అతివేగంగా తిరిగే రెక్క వెనక ఒత్తిడి పడిపోయి, చల్లటి నీళ్లే ఆవిరి బుడగలవుతాయి. అవి పగిలినప్పుడల్లా లోహాన్ని చెక్కేస్తాయి. తోపుడూ తగ్గుతుంది. సగం మునిగిన రెక్క గాలిని వెంట తీసుకుని నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆవిరి బుడగల బెడద చాలావరకు తప్పుతుంది. పైగా ఇరుసు, దాన్ని పట్టుకునే దిమ్మె నీటి పైకి వచ్చేయడంతో లాగిపట్టే బరువూ పోతుంది. కాకపోతే దీనికో మూల్యముంది. తొమ్మిది వేల చుట్లంటే ఒక్కో రెక్క సెకనుకు 150 సార్లు నీటిని కొడుతుంది. అంత వేగంలో నీళ్లు నీళ్లలా ఉండవు, బండరాయిలా తగులుతాయి. రెక్కలో వెంట్రుకంత పగులున్నా చాలు...

సరస్సు ఇచ్చిందీ, తీసుకున్నదీ

1950లోనే స్లో-మో డెట్రాయిట్ వెళ్లి గోల్డ్ కప్ గెలిచింది. గెలిచినవాళ్ల ఊళ్లోనే మరుసటి ఏడు పోటీ. అలా 1951లో పందెం సియాటిల్‌కు వచ్చింది. అప్పటికి ఆ ఊరికి పెద్ద లీగుల్లో ఆడే బాస్కెట్‌బాల్ జట్టు లేదు, బేస్‌బాల్ జట్టూ లేదు. 1967లో సూపర్‌సోనిక్స్ వచ్చేదాకా ఆ ఊరి అభిమానమంతా ఈ పడవల మీదే. పిల్లలు చెక్కముక్కలతో బుల్లి పడవలు చేసి, రంగులేసి, సైకిలు వెనక తాడుతో కట్టుకుని వీధుల్లో ఈడ్చుకుంటూ తిరిగేవారు. మన దగ్గర పాత టైరును కర్రతో కొట్టుకుంటూ పరిగెత్తిన తరం దీన్ని ఇట్టే అర్థం చేసుకుంటుంది.

ఆ సంబరం వెనక భయమూ ఉంది. పడవ ఎంత తక్కువగా నీటిని తాకితే అంత వేగం. మరీ తక్కువగా తాకితే? 1955లో ఇదే సరస్సు మీద స్లో-మో-షున్ 5 గాల్లోకి లేచి, పూర్తిగా ఓ పల్టీ కొట్టి మళ్లీ నీళ్ల మీద నిటారుగా పడింది. డ్రైవర్ లూ ఫేజియోల్ తీవ్రగాయాలతో బయటపడ్డాడు. మళ్లీ పందెం పడవ ఎక్కలేదు. మరుసటి ఏడు డెట్రాయిట్‌లో స్లో-మో 4 ముక్కలైంది. అదే ఏడాది సేయర్స్ గుండెపోటుతో పోయాడు. 1966 జూన్ 19న వాషింగ్టన్ డీసీలో ఒక్కరోజే ముగ్గురు డ్రైవర్లు మరణించారు. వారిలో సియాటిల్ అభిమానులు ఆరాధించిన రాన్ మసన్ ఒకడు. ప్రొపెల్లర్ విఫలమై అతని పడవ ముక్కు నీళ్లలోకి దూసుకుపోయింది. 62 పందేలు గెలిచిన బిల్ మన్సీ 1981లో, డీన్ షెనోవెత్ 1982లో వెళ్లిపోయారు. ఆ తర్వాతే, 1986లో, ఎఫ్-16 యుద్ధ విమానం అద్దాల గుమ్మటాన్ని డ్రైవర్ నెత్తిన బిగించడం మొదలైంది. ప్రాణనష్టం బాగా తగ్గింది. ఇంత ఆలస్యం ఎందుకైందన్నది మాత్రం ఆ కుటుంబాలకు మిగిలిన ప్రశ్న.

ఇప్పుడు గొంతు మారింది

ఈనాటి పెద్ద పడవల్లో ఎక్కువ వాటికి చినూక్ హెలికాప్టర్లకు వాడే లైకమింగ్ టి-55 టర్బైన్ ఇంజను ఉంటుంది. పాత పిస్టన్ ఇంజన్ల ఉరుము పోయి, సన్నటి ఈల వచ్చింది. పాతకాలపువాళ్లకు ఇది నచ్చదు. అందుకే సియాటిల్ ప్రాంతంలోని హైడ్రోప్లేన్ మ్యూజియం వాళ్లు బాగుచేసిన పాత పడవను ప్రదర్శన కోసం సరస్సులోకి దింపి ఇంజను స్టార్ట్ చేస్తే, తెల్లజుట్టు పెద్దలు పక్కవాళ్ల మాటలు ఆపించి మరీ వింటారు.

టర్బైన్ వచ్చాక ట్యూనింగ్ తీరూ మారింది. ఇష్టమొచ్చినంత ఇంధనం పోసి మంట పెంచడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఏళ్ల తరబడి ఆ పరిమితి నిమిషానికి 4.3 గ్యాలన్లు, అంటే సుమారు 16 లీటర్లుగా ఉండేది. దాటితే జరిమానా. అందరికీ అదే ఇంజను, అదే కొలత ఇంధనం. ఇక తేడా చూపించేదేమిటి? మళ్లీ అదే... సుమారు 16 అంగుళాల వ్యాసం, మూడు రెక్కలున్న ప్రొపెల్లర్!

అందుకే పందెం రోజు అసలు ఉత్కంఠంతా సేయర్స్ పేరు పెట్టిన ఒడ్డుపార్కులో, క్రేన్ల నీడలో ఉంటుంది. పందెం బాట రెండు మైళ్ల గుండ్రం. మలుపులన్నీ ఎడమకే. పిచ్ ఎక్కువున్న రెక్క బిగిస్తే తిన్నటి దారిలో ఎవరికీ అందదు, కానీ మలుపు దాటి వేగం పుంజుకోవడానికి ఆలస్యం చేస్తుంది. తక్కువున్నది మలుపులో దూకుతుంది, తిన్నటి దారిలో ఆయాసపడుతుంది. ఎండ ముదిరి గాలి పలచబడితే టర్బైన్ శక్తి తగ్గుతుంది. అప్పుడు పొద్దున సరిపోయిన రెక్క మధ్యాహ్నానికి బరువవుతుంది. గాలివాటుకు అలలు లేస్తే ఇంకో లెక్క. రెక్క వెనక అంచును గోరంత వంచినా పడవ నడక మారిపోతుంది. వెనకబడితే ముందున్న పడవ కోడిపుంజు తోక నెత్తిన పడి ఇంజను ఆరిపోయే ప్రమాదం. కాబట్టి మొదటి మలుపుకు ముందే చేరాలి. దేన్ని బిగించాలి? లంచ్ వేళకు నిర్ణయం జరిగిపోవాలి.

ఇదే సరస్సు మీద 2000 జూన్‌లో ‘మిస్ ఫ్రీ’ అనే పడవ గంటకు 205.494 మైళ్లు సాధించి, ప్రొపెల్లర్ పడవల రికార్డును మళ్లీ సియాటిల్‌కు తెచ్చింది. నాలుగేళ్లకే కాలిఫోర్నియాలో ‘మిస్ బడ్‌వైజర్’ 220.493 మైళ్లతో దాన్ని చెరిపేసింది. స్లో-మో 4 మాత్రం లేక్ యూనియన్ ఒడ్డున ఉన్న చారిత్రక మ్యూజియంలో ఉంది. వీలైతే పందేనికి ముందురోజు వెళ్లి చూడటం మంచిది. ఇంత చిన్న చెక్కపడవా అని ఆశ్చర్యం కలుగుతుంది.

సాయంత్రం ఐదు దాటాక లంగరు వేసిన దుంగలకు కట్టుకున్న షికారు పడవలు ఒక్కొక్కటే విడిపోతాయి. పులిహోర డబ్బా ఖాళీ. అబ్బాయి కారు తేవడానికి వెళ్తాడు, ట్రాఫిక్‌లో ఎలాగూ గంట. పార్కులో క్రేను పడవను పైకెత్తుతుంది. మెకానిక్ ఒకతను ప్రొపెల్లర్ విప్పి, గుడ్డతో తుడిచి, పగులేమైనా ఉందేమోనని ఒక్కో రెక్క అంచు వెంట బొటనవేలు నెమ్మదిగా జరుపుతూ ఉంటాడు. కంచె ఇవతల నుంచి మన పెద్దాయన ఆ వేలినే చూస్తుంటాడు.