మోచేతి మీద బేరం

జెఫ్ పాసన్ అనే క్రీడా పాత్రికేయుడు రాసిన ‘ది ఆర్మ్’ 2016లో వెలువడింది. బేస్‌బాల్ పిచ్చర్ల చేతుల గురించిన పుస్తకమది. ఇంకా సూటిగా చెప్పాలంటే, మోచేతి లోపలి వైపు భుజపుటెముకనూ ముంజేతి ఎముకనూ కలిపి పట్టుకునే ఒక చిన్న లిగమెంట్ గురించిన పుస్తకం. ఫిలడెల్ఫియాలో ఉద్యోగం చేసేవాడికి ఈ పుస్తకం చదవడానికి వేరే కారణం అక్కర్లేదు. ఈ ఊళ్ళో జూలై నెల మొదలైతే చాలు, ఆసుపత్రి కాఫీ గదిలో రోగుల మాట, ఇన్సూరెన్సు మాట వెనక్కి తగ్గి, ఫిలీస్ జట్టు బుల్‌పెన్ మాట ముందుకు వస్తుంది. ఆ వాదాన్ని చాలా ఏళ్ళుగా వింటున్నాను. ఈ పుస్తకం చదివాక అది నాకు వేరుగా వినబడుతోంది.

బేస్‌బాల్‌తో పరిచయం లేని పాఠకులకు రెండు మాటలు. ఆటను మొదలుపెట్టే పిచ్చరును స్టార్టర్ అంటారు. అతడు అలసిపోయాక బంతి అందుకునేవాళ్ళు రిలీవర్లు. చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడేవాడు క్లోజర్. వీళ్ళంతా మైదానం అంచున ఒక కంచె వెనక కూర్చుని, పిలుపు వచ్చేదాకా ఎదురుచూస్తారు. ఆ చోటును బుల్‌పెన్ అంటారు, అంటే ఎద్దుల దొడ్డి. క్రికెట్‌లో ఆఖరి ఓవర్లు వేసే బౌలరుతో పోల్చవచ్చుగానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆట నుంచి ఒకసారి తప్పించిన వాణ్ణి ఆ రోజు మళ్ళీ దింపడానికి వీల్లేదు. అందుకే ఎవరిని ఎప్పుడు పిలవాలన్నది అంత పెద్ద చర్చ. అంతకంటే పెద్ద చర్చ మరొకటుంది. ఆ దొడ్డిని దేనితో నింపాలి? డబ్బుతోనా, ఎదుగుతున్న కుర్రాళ్ళతోనా?

ఫిలడెల్ఫియా అభిమానుల బాధకు చరిత్ర ఉంది. 2007 చివర్లో మైకేల్ బోర్న్ అనే యువ ఆటగాణ్ణి, మరో ఇద్దరిని హ్యూస్టన్‌కు ఇచ్చి బ్రాడ్ లిడ్జ్ అనే క్లోజరును తెచ్చుకున్నారు. 2008లో లిడ్జ్ 48 అవకాశాల్లో 48 సార్లూ ఆధిక్యాన్ని నిలబెట్టాడు. ఆ 48వ సారి వరల్డ్ సిరీస్ గెలిచారు. మోకాళ్ళ మీద కూలబడి ఆకాశం వైపు చేతులు చాచిన అతని ఫోటో ఈ ఊళ్ళో క్షౌరశాలల గోడల మీద నేటికీ కనిపిస్తుంది. ఆ వేసవిలోనే అతనితో మూడేళ్ళకు మూడు కోట్ల 75 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడు అదే లిడ్జ్, అదే చేయి: ఎనిమిది ఓటములు, ఒక్క గెలుపూ లేదు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 7.21. రిలీవర్ల స్వభావం ఇదీ అని ఎవరికైనా బోధించాలంటే ఈ రెండేళ్ళు చాలు.

తర్వాతి కథ కూడా అదే బాటలో నడిచింది. 2011 చివర్లో జొనథన్ పాపెల్‌బాన్‌కు నాలుగేళ్ళకు ఐదు కోట్ల డాలర్లు ఇచ్చారు. అతడు ఉన్నంతకాలం ఆ జట్టు ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. కోవిడ్ వల్ల 60 ఆటలకు కుదించిన 2020 సీజన్‌లో ఫిలీస్ బుల్‌పెన్ సగటు 7.06. 2023లో క్రెయిగ్ కింబ్రెల్ అరిజోనాలో వరుసగా రెండు ఆటలు జారవిడిచాడు. 2024లో ఇద్దరు యువ పిచ్చర్లను ఇచ్చి కార్లోస్ ఎస్తెవెజ్‌ను తెచ్చారు. న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్కో లిండోర్ అతని బంతిని నిండిన బేస్‌ల మీదుగా స్టాండ్స్‌లోకి పంపాడు. 2025కు 85 లక్షల డాలర్లిచ్చి జోర్డన్ రొమానోను తీసుకుంటే, అతని సగటు 8.23. ఈ లెక్కలన్నీ మా వార్డుల్లో రోగులను తోపుడు మంచం మీద తీసుకెళ్ళే కుర్రాడికి కూడా కంఠస్థమే.

కాఫీ గదిలో రెండు పక్షాలున్నాయి. రాత్రి డ్యూటీ చేసే ఒక సీనియర్ నర్సుది మొదటి పక్షం. ఆమె తండ్రి 1980 నాటి విజయాన్ని చూసినవాడు. ఆమె వాదం సూటిగా ఉంటుంది: ‘బ్రైస్ హార్పర్‌కు వయసు మీద పడుతోంది. వీలర్‌కూ అంతే. ఈ రోజు గెలవకపోతే ఇంకెప్పుడు? రేపటి పిల్లలను అమ్మి ఈ రోజు క్లోజరును కొనండి.’ ఎక్స్‌రే విభాగంలో పనిచేసే యువకుడిది రెండో పక్షం. ‘రిలీవరంటే లాటరీ చీటీ. ఏడాదికి అరవై, డెబ్భై ఇన్నింగ్స్ ఆడేవాడి కోసం పదేళ్ళు ఆడగలవాణ్ణి ఇస్తారా?’ అంటాడు. 1990లో బోస్టన్ జట్టు లారీ ఆండర్సన్ అనే రిలీవర్ కోసం జెఫ్ బాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేసిన ఉదంతం అతని బ్రహ్మాస్త్రం. ఆండర్సన్ బోస్టన్‌కు వేసినవి 22 ఇన్నింగ్స్. బాగ్‌వెల్ 449 హోమ్‌రన్లు కొట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు. దానికి నర్సమ్మ జవాబు జారెడ్ కెలెనిక్. 2018 చివర్లో న్యూయార్క్ మెట్స్ ఒక స్టార్ ఆటగాడితో పాటు ఎడ్విన్ డియాజ్ అనే క్లోజరును తెచ్చుకోవడానికి అతణ్ణి సియాటిల్‌కు ఇచ్చినప్పుడు అభిమానులు గుండెలు బాదుకున్నారు. తీరా చూస్తే కెలెనిక్ నిలదొక్కుకోలేకపోయాడు, డియాజ్ ఆటలోని గొప్ప క్లోజర్లలో ఒకడయ్యాడు. రెండు పక్షాలకూ సాక్ష్యాలున్నాయి కనుక ఈ వ్యాజ్యం తేలదు.

2025 జూలై నెలాఖరులో నర్సమ్మ పక్షం గెలిచింది. మిక్ ఏబెల్ అనే యువ పిచ్చరును, ఎడ్వర్డో టైట్ అనే పద్దెనిమిదేళ్ళ పనామా కుర్రాణ్ణి మినెసోటాకు ఇచ్చి జోన్ డురాన్‌ను తెచ్చారు. గంటకు నూరు మైళ్ళకు మించిన వేగంతో బంతి విసిరేవాడు డురాన్. అతడు మైదానంలోకి వచ్చే వేళ దీపాలు ఆర్పి, తెర మీద మంటలు చూపించేవారు. ఊరంతా అతడి వశమైంది. అక్టోబర్‌లో లాస్ ఏంజిలెస్‌తో నాలుగో ఆటలో ఆ డురానే నిండిన బేస్‌లతో ఒక వాక్ ఇచ్చి స్కోరు సమం కానిచ్చాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యాక, మళ్ళీ నిండిన బేస్‌లతో, ఓరియన్ కెర్కరింగ్ అనే ఇరవై నాలుగేళ్ళ రిలీవర్ దగ్గరకు ఒక సాధారణమైన బంతి దొర్లుకుంటూ వచ్చింది. మొదటి బేస్‌కు విసిరితే ఇన్నింగ్స్ ముగిసేది. అతడు తడబడి హోమ్ వైపు విసిరాడు, అదీ పక్కకు పోయింది. సీజన్ ముగిసింది. కెర్కరింగ్ కొన్నవాడు కాదు, సొంత తోటలో పెంచినవాడు. 2022 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో తీసుకుంటే, మరుసటి ఏడాదే కింది మెట్ల నుంచి మేజర్ లీగ్ దాకా ఎగబాకినవాడు. అంటే ఆ ఒక్క రాత్రి కొన్న చేయీ తడబడింది, పెంచిన చేయీ తడబడింది. మరునాడు కాఫీ గదిలో వాదం లేదు. రెండు పక్షాలూ మౌనంగా ఉన్నాయి.

ఈ వాదంలో ఎవరూ లెక్కించని వస్తువు ఒకటుందని పాసన్ పుస్తకం నాకు చూపించింది. బల్లకు ఒక వైపు డబ్బు, మరో వైపు ప్రతిభ పెట్టి బేరమాడుతున్నాం. ఆ బల్ల మోచేయి మీద నిలబడి ఉంది. పిచ్చరు బంతిని వదిలే ముందు క్షణంలో మోచేతి లోపలి భాగం మీద పడే ఒత్తిడి, ఆ లిగమెంట్ ఒంటరిగా భరించగలిగిన దానికంటే ఎక్కువ. చుట్టూ ఉన్న కండరాలు భారాన్ని పంచుకుంటాయి కనుక అది తెగకుండా ఉంటుంది. వేగం పెరిగిన కొద్దీ, అలసట పెరిగిన కొద్దీ ఆ కండరాల సాయం చాలదు. అయితే రిలీవరుకు మనం డబ్బిచ్చేదే గరిష్ఠ వేగానికి. స్టార్టర్ వంద బంతులకు సరిపడా బలాన్ని పొదుపు చేసుకుంటాడు. రిలీవర్ ఇరవై బంతుల్లో ఉన్నదంతా వెచ్చించాలి, రేపు మళ్ళీ రావాలి.

1974 సెప్టెంబర్ 25న ఫ్రాంక్ జోబ్ అనే శస్త్రవైద్యుడు టామీ జాన్ అనే పిచ్చరు కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ తీసి, తెగిన ఎడమ మోచేతి లిగమెంట్ స్థానంలో అమర్చాడు. మళ్ళీ ఆడే అవకాశం నూటికి ఒక వంతు అన్నాడట. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి, ఆ తర్వాతే 164 ఆటలు గెలిచాడు. వైద్యచరిత్రలో అందమైన కథల్లో ఇదొకటి. దాని నీడ కూడా పాసన్ చూపిస్తాడు. బాగు చేయవచ్చునన్న భరోసా ఏర్పడ్డాక, తెగడం మీద భయం తగ్గింది. పసివయసు నుంచే ఏడాది పొడవునా బంతి విసిరే పిల్లలు, వేగాన్ని కొలిచే రాడార్ తుపాకుల ముందు వాళ్ళను వరుసగా నిలబెట్టే ప్రదర్శనలు, జపాన్ బడి పిల్లలు విసిరే వందలాది బంతులు, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. పాసన్ ఉపన్యాసం ఇవ్వడు. రెండుసార్లు ఈ శస్త్రచికిత్స చేయించుకున్న ఇద్దరు పిచ్చర్ల వెంట ఏళ్ళ తరబడి తిరుగుతాడు. వాళ్ళు డేనియల్ హడ్సన్, టాడ్ కాఫీ. ఆపరేషన్ గది తలుపు మూసుకున్న తర్వాత మా వంటివాళ్ళకు కనిపించని పన్నెండు, పద్దెనిమిది నెలలను అతడు రాశాడు. పుస్తకంలో నాకు ఎక్కువ విలువైనవి ఆ పేజీలే. మరీ విస్తరించిన వ్యాపార విశేషాల దగ్గర మాత్రం కథనం కొంత నెమ్మదిస్తుంది.

కాఫీ తిరిగి మేజర్ లీగ్ చేరలేదు. హడ్సన్ చేరాడు, స్టార్టర్‌గా కాదు, రిలీవర్‌గా. పుస్తకం ముగిసిన మూడేళ్ళకు, 2019లో, నేషనల్ లీగ్‌లోకెల్లా అధ్వానమైన బుల్‌పెన్‌గా పేరుపడిన వాషింగ్టన్ జట్టులో చేరి, వరల్డ్ సిరీస్ ఆఖరి అవుట్ తీసినవాడు అతడే. ఏ జట్టు లెక్కల పుస్తకంలోనూ ముందుగా కనబడని ముగింపు ఇది. కాఫీ కథ మాత్రం ముందుగా ఊహించదగినదే. అందుకే హడ్సన్ కథ చెప్పుకుని సంతోషించేటప్పుడు కాఫీని కూడా తలుచుకోవాలి.

ఆండ్రూ పెయింటర్ పేరు చెప్పకుండా ఫిలడెల్ఫియాలో ఈ చర్చ పూర్తి కాదు. 2021 డ్రాఫ్ట్‌లో తొలి రౌండ్ ఎంపిక. 2023 వసంతంలో పందొమ్మిదేళ్ళకే జట్టులో చోటు దక్కుతుందనుకున్నారు. మోచేయి నొప్పి పుట్టింది, జూలైలో టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2025లో ట్రిపుల్-ఎ స్థాయిలో అతడు ఇబ్బంది పడుతుంటే, ‘విలువ ఉన్నప్పుడే అమ్మేయాల్సింది’ అన్న మాట కాఫీ గదిలో వినబడింది. అన్నది ఎవరో కఠినాత్ములు కాదు, రోగి చేయి పట్టుకుని రాత్రంతా కూర్చోగలవాళ్ళే. అభిమానం మనిషిని అలా మాట్లాడిస్తుంది. మేమూ ఏటా చలికాలం చివర్లో, రెసిడెన్సీకి వచ్చే యువ వైద్యులను ఇంటర్వ్యూలు చేసి, ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలిచ్చి జాబితా పంపుతాం. ఆ జాబితా అవసరమే. కానీ జూలైలో ఆ సంఖ్య తెల్లకోటు వేసుకుని, కొత్త ఊరి దారులు తెలియక, రాత్రి డ్యూటీలో నిద్రకళ్ళతో ఎదురుపడినప్పుడు సంఖ్య మరిచిపోవాలి. అలా మరిచిపోయే అవకాశం అభిమానికి రాదు. అతనికి పెయింటర్ ఎప్పుడూ జాబితాలోనే ఉంటాడు.

ఇక నా పక్షం ఏమిటని అడిగితే చెబుతాను. ఖర్చు పెట్టడం తప్పు కాదు. ఏ ఖాతా నుంచి పెడుతున్నామన్నదే ప్రశ్న. డబ్బు యజమానిది. పోయినా అతని ఇంట పొయ్యి ఆరదు. కుర్రాళ్ళను ఇచ్చి కొన్నప్పుడు చెల్లించేది వాళ్ళ యౌవనం. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సేవ పూర్తయ్యేదాకా ఆటగాడు తన జట్టును తాను ఎంచుకోలేడు. కింది స్థాయుల్లో, 2023లో సంఘం ద్వారా తొలి ఒప్పందం కుదిరాక కూడా, ట్రిపుల్-ఎ కనీస వేతనం ఆ ఏడాది 35,800 డాలర్లు. అంతకు ముందు దానిలో సగమే. మేజర్ లీగ్‌కు ఎక్కితే 2025లో కనీసం 7,60,000 డాలర్లు దక్కేవి. ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని దాటకముందే చేయి తెగిన పిల్లలు ఎందరో. కనుక ఫిలీస్ యజమాని రిలీవర్లకు కోట్లు పోస్తే నాకు అభ్యంతరం లేదు. ఎక్కువమంది చేతుల మధ్య భారం పంచుకుంటే ఒక కెర్కరింగ్ మీద, ఒక డురాన్ మీద పడే బరువు తగ్గుతుంది. రాత్రి డ్యూటీకి మరొక వైద్యుణ్ణి నియమించడం దుబారా కాదని ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్స్‌రే విభాగపు యువకుడు ఈ వాదం ఒప్పుకోలేదు. ‘ఏబెల్‌ను ఇక్కడే ఉంచితే అవకాశం ఎక్కడొచ్చేది? మినెసోటాలో ఆ సీజన్‌లోనే పిచ్ చేశాడు కదా. మీరు దయ అనుకునేది ఒక్కోసారి వాళ్ళకు పంజరం’ అన్నాడు. కుర్రాళ్ళను ఇవ్వొద్దని వాదించేవాడి నోటి నుంచి ఆ మాట రావడం నన్ను ఆశ్చర్యపరిచింది. అందులో నిజముంది. తోటలో ఉంచడమే ప్రేమ అని నేను కూడా అనను.

నేను అడిగేది ఇంతకంటే చిన్నది. వచ్చే జూలైలో మళ్ళీ ఎవరో ఒక పేరు చెబుతారు, ఎవరిని ఇద్దాం, ఎవరిని తెద్దాం అంటారు. అప్పుడు ఆ పేరుకు ఒక మోచేయి ఉందని, దానిలో ఒక చిన్న లిగమెంట్ ఉందని, అది తెగినప్పుడు పిచ్చరుకు ‘టప్’ మని చప్పుడు వినిపిస్తుందని గుర్తుంటే చాలు. బేరం మానేయనక్కర్లేదు. గొంతు కొంచెం తగ్గించుకుంటే చాలు.