అమ్మ ఫోను, బడి టీవీ

మైలవరం పల్లెల్లో మూడో తరగతి పిల్లాడికి సాధారణంగా సొంత ఫోను ఉండదు. అమ్మ ఫోనే వాడి ఫోను. డ్వాక్రా సంఘం వాట్సాప్ గ్రూపు, ఫోన్‌పే, పెళ్లి ఫొటోలు, వాడి కారు రేసు ఆట, అన్నీ అందులోనే. చిక్కంతా అక్కడే వచ్చింది.

పద్దెనిమిదేళ్లలోపు వారి ఖాతాల్లో వీడియో వెంట వీడియో దానంతటది నడవకుండా యూట్యూబ్ 2021లో ఆటోప్లేను ముందుగానే ఆఫ్‌లో ఉండేలా చేసింది. మంచిదే. కానీ అమ్మ ఖాతా వయసు ముప్పై! ఆ జాగ్రత్త పిల్లాడి దాకా రాదు.

బడుల బాగుకోసం పెట్టిన నాడు-నేడు కార్యక్రమంలో ప్రాథమిక బడులకూ స్మార్ట్ టీవీలు వచ్చాయి. టీచరు యూట్యూబ్‌లో గేయం పెట్టి హాజరు వేసేలోపు అది అయిపోయి, ఇంకేదో మొదలవుతుంది. ముందురోజే చూసుకున్న పాఠాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ఆ బెడద ఉండదు.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ పెట్టి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా చేస్తే పిల్లాడు ఆ ఒక్క ఆటలోనే ఉంటాడు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. అన్నీ పెట్టి, కిరాణా కొట్టు దగ్గర యూపీఐ పిన్ పైకి చదివితే మాత్రం ఏం లాభం? ఎక్కాలు మరిచిపోయేవాడు కూడా ఆ అంకెలు మరవడు.

పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇక్కడేమో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేది చాలాసార్లు పిల్లాడే.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఎవరైనా ఫొటోలు అడిగినా, బెదిరించినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి పిల్లలే నేరుగా ఫోన్ చేయొచ్చు. ఆ కాల్‌కు డబ్బులు పడవు.