కూతవేటు దూరం

మన తెలుగులో 'కూతవేటు దూరం' అని చక్కని మాట ఒకటుంది. ఇక్కడ నిలబడి కేకేస్తే అక్కడ వినబడేంత దూరమన్నమాట. స్థలాల ప్రకటనలు రాసేవాళ్ళ చేతిలో పడ్డాక ఆ మాట గతి చూస్తే జాలేస్తుంది. గుంటూరుకి కూతవేటు దూరంలో అని ఫోన్లో చదివి, ఆటో మాట్లాడుకుని వెళ్ళామనుకోండి. పత్తిచేలు దాటి, మిరపచేలు దాటి, ఇంకో ఊరు కూడా దాటాక నాలుగు సరిహద్దు రాళ్ళూ, ఓ రంగుల ఆర్చీ కనిపిస్తాయి. అక్కణ్ణించి గుంటూరుకి వినబడేలా కూత వెయ్యాలంటే రైలింజనే కావాలి!

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ కూతలు మరీ ఎక్కువయ్యాయి. రాజధాని ప్రకాశం జిల్లా దొనకొండలో వస్తుందని పుకారు పుట్టింది. అంతే, అక్కడి మెట్టనేలకి రెక్కలొచ్చాయి. తీరా రాజధాని తుళ్ళూరు వైపు వెళ్ళింది. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. ఇక చూడండి, ప్రకటనల్లోని దారులన్నీ అమరావతికే! 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, అక్కడి ధరలు చతికిలబడ్డాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ లేచి కూర్చున్నాయి. పాపం, నేల ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. కదిలిందల్లా దాని గురించి చెప్పే మాటే.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? పోయినేడు మా అమ్మ ఇల్లు అమ్మే పని నా నెత్తిన పడింది. గుంటూరులో మిర్చి యార్డుకి దగ్గర్లో, నాన్నగారు దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు. ఆయన పోయాక అమ్మ ఒక్కతే అంత ఇంట్లో ఉండలేకపోతోంది. "నవలలు రాస్తావుగా, నాలుగు ముక్కలు రాసి ఫోన్లో పెట్టు" అన్నాడు అన్నయ్య. సరేనని మొదలుపెట్టాను. 'ప్రశాంత వాతావరణం' అని రాయమన్నాడు. పక్క గదిలోంచి అమ్మ వింది.

"ప్రశాంతం ఎక్కడిదే? మాఘం వచ్చిందంటే యార్డులో మిరపకాయ టిక్కీలు దిగుతాయి. గాలి ఇటు తిరిగితే తుమ్ములే తుమ్ములు. అదీ రాయి."

"అవన్నీ రాస్తే ఎవడు కొంటాడమ్మా?"

"రాయకపోతే కొన్నవాడు మాఘంలో మీ నాన్నని తిట్టుకుంటాడురా. ఈ ఇల్లు కట్టింది ఆయన."

అన్నయ్య మరి మాట్లాడలేదు. నేను రాశాను.

ఆ రాయడంలో నాకు తెలిసొచ్చినవి కొన్నున్నాయి. మన పల్లెటూళ్ళవాళ్ళు సెంట్లలో ఆలోచిస్తారు, హైదరాబాదువాళ్ళు గజాల్లో, అమెరికా పిల్లలు చదరపు అడుగుల్లో. అందుకని అయిదు సెంట్లు, అంటే 242 గజాలు, అంటే 2178 చదరపు అడుగులు అని మూడూ రాశాను. 'యార్డుకి దగ్గర' అనలేదు, నడిచి పది నిమిషాలన్నాను. ఏ ముఖం, ఎదుటి రోడ్డు వెడల్పెంత, కట్టి ఎన్నేళ్ళయింది, కుళాయి నీళ్ళు ఏ వేళకొస్తాయి, ఎంతకిస్తాం, అన్నీ చెప్పేశాను. ఫొటోలు మా అబ్బాయి తీశాడు. పొద్దుటి ఎండలో, వచ్చినవాళ్ళు నడిచే వరసలోనే, గేటు నుంచి పెరటి దాకా. వంటింటి గోడ పగులు కూడా తీశాడు. దస్తావేజులు మాత్రం లోకానికి చూపించలేదు. ఈసీ తాజాగా తీయించి ఇంట్లో పెట్టుకున్నాం, వచ్చినవాళ్ళకి చూపించడానికి.

మొదట వచ్చిన ఫోన్లు బ్రోకర్లవి. తర్వాత ఒకాయన, మిలిటరీ ఆఫీసర్నన్నాడు. ఇల్లు చూడక్కర్లేదట, అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తాట్ట, ఆయన పంపిన కోడు స్కాన్ చేసి నా పిన్ కొడితే చాలట! మనకి డబ్బు రావడానికి పిన్ అవసరం లేదండీ, మన దగ్గర్నుంచి పోవడానికే కావాలి. సంగతి చెబితే అమ్మ నవ్వింది. "ఇల్లు చూడకుండా, బేరమాడకుండా కొనే మనిషి గుంటూరు జిల్లాలో ఇంకా పుట్టలేదే!"

కొత్త లేఅవుట్లు వేసేవాళ్ళకి ఓ చట్టముంది, రెరా అని. 2016లో చేశారు, 2017 మే నెల నుంచి పూర్తిగా అమలైంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకి ఆ నమోదు లేనిదే ప్రకటన ఇవ్వకూడదు. ఇచ్చే ప్రకటనలో ఆ నంబరు ఉండాలి. అందులోని అబద్ధం నమ్మి సొమ్ము కట్టినవాళ్ళు వెనక్కి తగ్గితే వడ్డీతో సహా తిరిగిమ్మని అడగొచ్చు. కనక ప్లాటు కొనబోయేముందు ఆర్చీ కాదు, ఆ నంబరు చూడండి. సొంత పాత ఇల్లు అమ్ముకునేవాళ్ళ జోలికి ఆ చట్టం రాదు. మా అమ్మకి అమ్మే రెరా.

కొన్నది ఎవరనుకున్నారు? యార్డులో కమీషను వ్యాపారం చేసే ఆయనే. "ఘాటు సంగతి మీరే రాశారు, ఇక మిగతాదాంట్లో అబద్ధముండదులే అని వచ్చామండీ. అయినా ఆ ఘాటే కదా మాకు అన్నం పెట్టేది" అన్నాడు. అంతమాత్రాన బేరం మానలేదు లెండి. గోడ పగులు చూపించి కొంత తగ్గించమన్నాడు. తగ్గించాం. ఆ ఫొటో ఖరీదెంతో అన్నయ్య ఇప్పటికీ లెక్క చెబుతూనే ఉంటాడు. నన్నడిగితే, రిజిస్ట్రేషను నాడు అమ్మ ఆయన కళ్ళల్లోకి చూసి తాళాలిచ్చింది చూశారూ, దానికి ఆ మాత్రం ఇచ్చుకోవచ్చు.

ఇప్పుడు అమ్మ ఒంగోల్లో మా దగ్గరే ఉంటోంది. మొన్న మాఘంలో ఓ సాయంత్రం వరండాలో చాలాసేపు ఊరికే కూర్చుంది. ఏమిటమ్మా అలా ఉన్నావంటే అంది: "ఏమోనే, ఇక్కడ గాలికి వాసనే లేదు."