కంప్యూటర్ చదువు – సర్కారు కాలేజీ

కంప్యూటర్ సైన్సు ఏ కాలేజీలో చదవాలన్నది సాహిత్య పత్రికకు తగిన ప్రశ్న కాదని మన మిత్రుల్లో చాలామంది అనుకుంటారు. నేనల్లా అనుకోను. ఏటా ఎంట్రన్సు ఫలితాలు వచ్చిన వారంలో, తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను కూడా తల్లిదండ్రులు అడిగేది ఇదే. నన్నయను గురించి ఎవరూ అడగరు.

నా జవాబు ఒకటే. సీటు వచ్చేటట్టయితే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే చేర్చండి. అయితే కారణాలు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే. ప్రభుత్వానిది గనక మంచిది అంటే అది వాదం కాదు, వట్టి భక్తి.

కంప్యూటరు ప్రైవేటు సాహసికుల సృష్టి అనే కథ మన పిల్లల నోళ్లలో బాగా నానింది. మన దేశంలో తొలినాటి కంప్యూటర్లలో ఒకటైన టిఫ్రాక్ బొంబాయిలో 1960లో పనిలోకి వచ్చింది. దాన్ని నిర్మించిన సంస్థ పేరులో టాటా ఉన్నా, సొమ్ము ప్రధానంగా సర్కారుది. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. 1967లో పుట్టింది, అదీ ప్రభుత్వ సంస్థే. ప్రపంచం నలుమూలలా వెబ్‌ను జనానికి దగ్గర చేసిన మొజాయిక్ 1993లో వెలువడింది అమెరికాలోని ఇల్లినాయ్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి. 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న మన రాజ్ రెడ్డి ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నది మద్రాసు గిండీ కాలేజీలో. అదీ సర్కారు కాలేజీయే. ప్రజల సొమ్ముతో పెరిగిన శాస్త్రం ఇది. చెట్టు ఎవరు నాటారో మరిచిపోయి పండ్లు అమ్మేవాణ్ణి పొగడటం మనకు అలవాటయింది.

ఇక చదువు మాట. ఈ శాస్త్రానికి వెన్నెముక గణితం. విశ్వవిద్యాలయంలో అయితే పక్క భవనంలోనే గణితశాఖ ఉంటుంది, దాని పక్కన సంఖ్యాశాస్త్రం, మరికొంచెం దూరంలో భాషాశాస్త్రం. లైబ్రరీ ఉంటుంది, హాస్టల్లో రాత్రి రెండింటిదాకా వాదించే సీనియర్లుంటారు, విద్యార్థి సంఘం జెండా ఉంటుంది. ఊరి బయట పొలాల్లో లేచిన నాలుగంతస్తుల కాలేజీలో మట్టుకు తరచు ఇంజనీరింగు ఒక్కటే ఉంటుంది. ఆ ఏడు కంపెనీలు ఏ కంప్యూటరు భాష అడిగితే ఆ భాషలో తర్ఫీదు ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకు బస్సు కదిలితే అక్కడితో చదువు సరి.

కాని మన విశ్వవిద్యాలయాలు స్వర్గాలు కావు. శాశ్వత పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి. కాంట్రాక్టు అధ్యాపకులే పాఠాలు మోస్తుంటారు. సర్కారు గోడల లోపలే సెల్ఫ్ ఫైనాన్సు పేరిట హెచ్చు ఫీజుల కోర్సులు నడుస్తాయి. చేరబోయేవాళ్లు ఇది తెలుసుకునే చేరాలి.

అన్నిటికంటె నన్ను బాధించే విషయం మరొకటుంది. మంచి యూనివర్సిటీ కాలేజీలో కంప్యూటర్ సీటుకు మంచి ర్యాంకు కావాలి. ఆ ర్యాంకు ఎక్కువగా ఎవరికి వస్తుంది? ఇంటర్‌మీడియట్‌లో లక్షలు పోసి కోచింగు కొన్నవాళ్లకు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన కూలివాడి కొడుక్కి మిగిలేది ప్రైవేటు కాలేజీ. 1993 ఉన్నికృష్ణన్ తీర్పు ప్రైవేటు కాలేజీల్లో కొన్ని సీట్లను ప్రభుత్వం నిర్ణయించిన ఫీజుకు కట్టివేసింది, 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ కట్టు విప్పింది. 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు పేదవాడి పిల్లలకు తలుపు తెరిచిన మాట నిజమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కాని ఆ తలుపులోంచి ప్రజల ధనం పోయి పడింది ప్రైవేటు యజమాని పెట్టెలో. అదే ఏడు పెట్టిన ట్రిపుల్ ఐటీలు – బాసర, నూజివీడు, ఇడుపులపాయ – పదో తరగతి మార్కుల మీద పల్లె పిల్లలను చేర్చుకున్నాయి. ఎన్ని లోపాలున్నా, ఈ ముడిని విప్పటానికి జరిగిన అసలు ప్రయత్నం అదే అని నా అభిప్రాయం.

నిరుడు ఒక మరమగ్గాల కార్మికుడు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దూరాన యూనివర్సిటీ కాలేజీలో సీటు రావచ్చు, లేదా పట్నం శివార్లలో ప్రైవేటు కాలేజీ. “సారూ, పెద్దోని సర్టిఫికెట్లు ప్రైవేటు కాలేజోళ్లు ఇస్తలేరు. సర్కారు పైసలు రాలేదంట, మమ్ములనే కట్టుమంటున్రు. నౌకరి వచ్చింది గాని కాయితాలు లేక చేరలేదు” అన్నాడు. ఆ తరువాత లైబ్రరీల గురించి నేను చెప్పవలసిందేమీ లేకపోయింది. ఆ పిల్ల దూరపు కాలేజీలోనే చేరింది.

మొన్న ఫోన్ చేసింది. “సారూ, మాకు సీ ప్రోగ్రామింగు చెప్పే మేడం పదేండ్ల నుంచి కాంట్రాక్టులనే ఉన్నదట. సోమవారం ధర్నాల కూసుంటరట. మేం గూడ కూసోవచ్చునా?” అని అడిగింది.

కూర్చొమ్మన్నాను. ల్యాబు రికార్డు మట్టుకు ఆదివారమే రాసి పెట్టుకొమ్మన్నాను.