అటక మీది కిట్టు

‘‘అత్తా, నువ్వైనా నాన్నకి చెప్పవా?’’

ఫోనులో మా మేనల్లుడి గొంతు ఏడుపుకి ఒక్క అడుగు దూరంలో ఉంది. వాడికి పన్నెండేళ్లు. రోజూ సాయంత్రం క్రికెట్ కోచింగుకి వెళ్తానన్నాడట. అన్నయ్య వద్దన్నాడట. వద్దని ఊరుకోలేదు, ‘‘బంతి కూడు పెడుతుందట్రా?’’ అని కూడా అన్నాడట.

ఆ మాట విని ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే, ఒకప్పుడు నాన్న అన్నయ్యని అడిగిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా అదే!

అన్నయ్య ఎడమచేతి స్పిన్నర్. సికింద్రాబాద్‌లో మేముండే వీధిలో వాడి బంతికి పగలని కిటికీ లేదు. లీగ్ మ్యాచ్ ఉందంటే ముందురోజు రాత్రే అమ్మ తెల్లబట్టలకు నీలిమందు పెట్టి ఆరేసేది. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని వాడి వెనక నడవడం నా డ్యూటీ. 2007లో వాడికి ఇరవై ఒక్కేళ్లు. మనదేశంలో రాష్ట్రాల జట్ల మధ్య ట్వంటీ20 పోటీలు మొదలైంది ఆ ఏప్రిల్‌లోనే. కొత్త ఆట, కొత్తవాళ్లకి చోటుంటుందని అందరూ అన్నారు. ఎంపిక పోటీలకు అన్నయ్యకీ పిలుపొచ్చింది. తుది జాబితాలో మాత్రం పేరు లేదు. వాడికన్నా బాగా ఆడినవాళ్లు ఉండే ఉంటారు. ఆ సాయంత్రమే నాన్న ఆ ప్రశ్న అడిగారు. అన్నయ్య జవాబు చెప్పలేదు. కిట్టు అటకెక్కింది. వాడు ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఉద్యోగానికెక్కాడు.

ఆ తొలి పోటీలో తమిళనాడు గెలిచింది. 2009-10 నుంచి దానికి సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ అని పేరు పెట్టారు. ఆ సీజన్‌లో మన హైదరాబాద్ ఫైనల్ దాకా వెళ్లి మహారాష్ట్ర చేతిలో ఓడిపోయింది. ముస్తాక్ అలీ అంటే 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు కొట్టి, విదేశీగడ్డ మీద టెస్టు సెంచరీ చేసిన తొలి భారతీయుడిగా నిలిచినవాడు. ఇండోర్‌లో పిల్లాడిగా ఉన్నప్పుడే ఆయనలోని ఆటని గుర్తుపట్టింది మన తెలుగువాడు సి.కె.నాయుడు. ఎవరో ఒకరు గుర్తుపట్టాలి కదా!

సరే, అన్నయ్యతో తేల్చుకుందామని మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. 2025 డిసెంబరు 18. కాకతాళీయమే కానీ, ఆ రాత్రి టీవీలో అదే ట్రోఫీ ఫైనల్. పుణెలో జార్ఖండ్, హర్యానా ఆడుతున్నాయి. అన్నయ్య సోఫా అంచున కూర్చుని కళ్లార్పకుండా చూస్తున్నాడు. ‘‘ఏటా ఇంతే. దేశమంతా ఐపీఎల్ చూస్తుంటే మీ అన్నయ్య దీన్ని చూస్తారు’’ అంది వదిన. నాకు ఆశ్చర్యమేసింది. క్రికెట్ మాటెత్తితేనే లేచి వెళ్లిపోయేవాడు వీడేనా!

నేను సిద్ధం చేసుకొచ్చిన వాదన వినిపించాను. ‘‘తిలక్ వర్మ వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్ అన్నయ్యా. 2024 నవంబరులో ఇదే ట్రోఫీలో హైదరాబాద్ తరఫున మేఘాలయ మీద 67 బంతుల్లో 151 కొట్టాడు. అంతకుముందే దక్షిణాఫ్రికాలో రెండు సెంచరీలు. వరసగా మూడు! వాళ్లింట్లో కూడా వద్దని ఉంటే?’’

అన్నయ్య టీవీ గొంతు తగ్గించాడు. కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీశాడు.

‘‘ఈ పోటీలో మొత్తం 38 జట్లు. జట్టుకి పదిహేను మంది చొప్పున లెక్కేసినా 570 మంది. తుది జట్టులో ఆడితే మ్యాచ్‌కి 17,500 రూపాయలు. బెంచీ మీద కూర్చుంటే అందులో సగం. ఎలైట్ గ్రూపులో ఏడు మ్యాచ్‌లూ ఆడితే 1,22,500. పై దశకి వెళ్లకపోతే ఈ ట్రోఫీ నుంచి ఆ ఏడాదికి అంతే. రంజీలోనూ చోటు దొరికితే వేరే సంగతి. నువ్వు చెప్పిన తిలక్ ఆ 570 మందిలో ఒక్కడు. మిగతావాళ్ల పేర్లు చెప్పు చూద్దాం?’’

నాకు నోట మాట రాలేదు.

‘‘ఉర్విల్ పటేల్ అని గుజరాత్ కుర్రాడున్నాడు. 2024 నవంబరులో ఐపీఎల్ వేలంలో ఎవరూ కొనలేదు. వేలం ముగిసిన రెండోరోజు ఇదే ట్రోఫీలో 28 బంతుల్లో సెంచరీ కొట్టాడు. తర్వాత చెన్నై పిలిచిందిలే. కానీ ఆ రెండురోజులు వాడికెలా గడిచి ఉంటాయో నాకు తెలుసమ్మా’’ అన్నాడు మెల్లగా.

నాన్న మీద కోపం ఇంకా పోలేదా అని అడిగాను. నాన్న ఇప్పుడు లేరు. ‘‘వద్దన్నందుకు కోపం లేదు. ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పి ఉంటే బావుండేది. ఆ ఒక్క ప్రశ్నతో అయిపోగొట్టారు’’ అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. తనూ కొడుక్కి అదే చేశానని అప్పుడే తట్టినట్టుంది.

వాణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బిల్లు వెనక లెక్కంతా చూపించాడు. వాడు శ్రద్ధగా విని, ‘‘మరి ఆ పదిహేను మందిలో నేను లేకపోతే?’’ అన్నాడు.

‘‘నాలాగే ఉద్యోగం చేసుకుంటావు. ఆదివారాలు సరదాగా ఆడుకుంటావు.’’

‘‘మరి నువ్వెందుకు ఆడవు నాన్నా?’’

టీవీలో ఎవరో సిక్స్ కొట్టారు. మా గదిలో మాత్రం నిశ్శబ్దం. వదిన వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

ఆ రాత్రి ఇషాన్ కిషన్ సెంచరీతో జార్ఖండ్ తొలిసారి ట్రోఫీ గెలిచింది. రెండురోజులకే అతనికి ప్రపంచకప్ జట్టులో చోటు దొరికింది. ‘‘చూశావా అత్తా!’’ అని మేనల్లుడు ఫోను చేశాడు. ఈసారి గొంతులో ఏడుపు లేదు. వారానికి మూడురోజులు కోచింగ్, పదో తరగతి వరకూ మార్కులు తగ్గకూడదు... ఇదీ తండ్రీకొడుకుల ఒప్పందమట. బంతి కూడు పెడుతుందో లేదో ఇప్పుడే ఎవరు చెప్పగలరు? కానీ ఆ ప్రశ్న ఈసారి అటకెక్కలేదు. ఇద్దరూ కలిసి జవాబు వెతుక్కుంటున్నారు.

తర్వాతి ఆదివారం వదిన ఫోను చేసింది. ‘‘మీ అన్నయ్య పొద్దున్నే స్టూలేసుకుని అటకెక్కారు. ఇల్లంతా దుమ్ము!’’ అని విసుక్కుంది. ఆ విసుగులో నవ్వు దాగట్లేదు.

ఇంతకీ ఆ కిట్టులో తెల్లబట్టలు అలాగే ఉన్నాయట. అన్నయ్యకి ఇప్పుడు పట్టవు. బంతి మాత్రం చేతికి సరిగ్గా సరిపోయిందట!