చినమౌలానా సన్నాయిలో తంజావూరు

షేక్ చినమౌలానా నాదస్వరం రికార్డులు వింటే విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై బాణీ తెలుస్తూనే ఉంటుంది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన చినమౌలానాకు ఇంట్లో తొలిపాఠాల తర్వాత విద్య చెప్పింది చిలకలూరిపేట ఆదం సాహెబ్. ఆ తర్వాత ఆయన తంజావూరు ప్రాంతానికి వెళ్లి, నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర సాధన చేశారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు.

రాజరత్నం పిళ్లై (1898–1956) పేరు చెబితే తోడి రాగం గుర్తొస్తుంది. ఆయన కాలపు 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూ మాత్రమే పడుతుంది. అంత ఇరుకులోనూ ఆయన ఆలాపన ఎక్కడా తొందరపడదు. చినమౌలానా తీసుకున్నది ముఖ్యంగా ఈ నిదానమే. తోడి గాంధారం నిలకడగా ఉండే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి. సన్నాయిలో ఆ ఊపు రావాలంటే రంధ్రాన్ని వేలితో సగం మూస్తూ తెరుస్తూ, పీక మీద పెదవుల పట్టునూ ఊపిరినీ దానికి తగ్గట్టు మార్చాలి. ఇది కాగితం మీద రాసిపెట్టుకునే విద్య కాదు. పదేపదే వినాలి, వాయించాలి.

అయితే చినమౌలానాది అనుకరణ కాదు. పిళ్లై వాయింపులో ఉప్పెనలాంటి ఉధృతి ఉంటుంది. చినమౌలానా నాదం అంతకంటే మెత్తన, గాత్రానికి దగ్గర. పోలిక కంటే ఈ తేడాయే విలువైనది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు.