సోమవారం ఫోను

తెల్ల చొక్కా, మెడలో టై, జేబు మీద నల్ల బిళ్ల. మిట్టమధ్యాహ్నపు ఎండలో చెమటలు కక్కుకుంటూ నడిచే కుర్రాళ్లు, ఎప్పుడు చూసినా ఇద్దరేసి. హైదరాబాదులో ఉండేవాళ్లలో కొందరైనా వీళ్లని చూసే ఉంటారు. బిళ్ల మీద ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది, దాని ముందు 'ఎల్డర్' అని. మీసాలింకా సరిగ్గా రాని పిల్లాడు ఎల్డరేమిటో అని నాకెప్పుడూ నవ్వొస్తుంది.

వీళ్లు మోర్మన్ మిషనరీలు. అలా పిలిస్తే వాళ్లకిప్పుడు నచ్చదు. 'చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్' అని పూర్తిగా అనమని 2018లో వాళ్ల పెద్దాయన గట్టిగానే చెప్పారు. అంత పొడుగు పేరు కబుర్లలో ఇమడదు, ఈ ఒక్కసారికీ సర్దుకుంటారనుకుందాం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైన చర్చి అది. ముఖ్య కార్యాలయం యూటాలోని సాల్ట్ లేక్ సిటీలో. మగపిల్లలు రెండేళ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి ప్రచారం చేస్తారు. జీతం మాట అటుంచండి, ఇంట్లోవాళ్లే ఎదురు కట్టాలి. అమెరికా కుటుంబాలకి 2020 జూలై నుంచి అది నెలకి 500 డాలర్లు. పొద్దున ఆరున్నరకి లేవాలి. సినిమాల్లేవు, ప్రేమ వ్యవహారాల్లేవు. జతగాణ్ణి వదిలి ఒక్కడూ వీధిలోకి కూడా పోకూడదు.

వాళ్ల మతంలో ఏముంది, ఏం లేదు అన్న తగవు ఇవాళ పెట్టుకోను. నాకు కుతూహలమల్లా ఒకటే. అంత లేతవయసు పిల్లాడు రెండేళ్లపాటు ఇల్లు విడిచిపోతే, వాళ్లమ్మతో ఎలా మాట్లాడతాడు?

2019 ఫిబ్రవరి దాకా అయితే మాట్లాడేవాడే కాదు. వారానికో ఉత్తరం, తర్వాతి రోజుల్లో ఈమెయిలు, అంతే. గొంతు వినిపించేది ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. ఆ రెండు ఫోన్ల కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చునేవారు. తీరా మోగాక ముందు ఎవరు మాట్లాడాలో తేలక సగం సమయం అక్కడే పోయేది.

ఈ ఎడబాటు వాళ్లకి కొత్తేం కాదు. 1839 సెప్టెంబరులో బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ అనే ఇద్దరు ఇంగ్లండు బయల్దేరారు. ఇద్దరికీ చలిజ్వరం. ఇళ్లల్లో పెళ్లాంపిల్లలకీ చలిజ్వరమే. బ్రిగమ్ భార్యకి పురుడు వచ్చి పట్టుమని పది రోజులైంది. బండి కాస్త దూరం కదిలాక ఆ ఇద్దరికీ మనసు ఆగలేదు. బండి ఆపించి, లేని ఓపిక తెచ్చుకుని లేచి నిలబడి, టోపీలు తిప్పుతూ జేజేలు కొట్టారు. ఆ ఇల్లాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి నవ్వుమొహాలతో సాగనంపారట. జ్వరంతో వణికిపోతున్న నలుగురు, ఒకరి కోసం ఒకరు ఉల్లాసం నటించారన్నమాట. ఆ నటనే తర్వాత ఉత్తరాల్లోకి ఎక్కిందని నా అనుమానం. మిషనరీ ఇంటికి రాసే ఉత్తరంలో అన్నీ బాగానే ఉంటాయి. ఊరు బాగుంది, జనం మంచివాళ్లు, దేవుడి దయ. అరికాళ్లు బొబ్బలెక్కిన సంగతి ఉండదు. జతగాడితో మూడు రోజులుగా మాటల్లేవన్న సంగతీ ఉండదు. ఉన్నదున్నట్టు రాస్తే అమ్మ బెంగపడుతుంది, పైగా ఆ ఉత్తరాన్ని పదిమందికీ చదివి వినిపిస్తుందాయె!

అలాగని అందరూ దాచుకున్నవాళ్లే కాదు. జోసెఫ్ ఎఫ్. స్మిత్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. తండ్రిని జనం మూక చంపేసింది, పదమూడో ఏట తల్లీ పోయింది. మార్తా ఆన్ అని ఒక చెల్లెలు ఉండేది. బళ్లో పంతులు ఆ పిల్లని కొట్టబోతే వీడు అడ్డం పడి పంతుల్నే కొట్టాడు. ఆ గొడవ జరిగాక, 1854లో, పదిహేనేళ్లవాణ్ణి హవాయి దీవులకి మిషనరీగా పంపేశారు. అక్కణ్ణుంచి యూటాకి ఉత్తరం చేరాలంటే ఓడ మీద కాలిఫోర్నియా దాకా, ఆపైన ఎడారీ కొండలూ దాటుకుంటూ రావాలి. చెల్లెలి జవాబు చేతికందేసరికి అడిగిందేమిటో వీడికి గుర్తుండేదో లేదో. అయినా ఇద్దరూ రాసుకున్నారు. అతను తిరిగొచ్చాక, పెళ్లిళ్లయ్యాక, ముసలివాళ్లయ్యాక కూడా మానలేదు. ఆ కుర్రాడే 1901లో చర్చికి అధ్యక్షుడయ్యాడు. అన్నాచెల్లెళ్ల ఉత్తరాలు ఈమధ్య పుస్తకంగా కూడా వచ్చాయి. ఫోను మాటలకి ఈ యోగం లేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

గోర్డన్ హింక్లీ కథ వాళ్లలో తెలియనివాళ్లుండరు. 1933, అమెరికాలో ఎవరి చేతుల్లోనూ డబ్బాడని కాలం. ఇరవైమూడేళ్ల గోర్డన్‌ని ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊరికి పంపారు. వాళ్లమ్మ అంతకు మూడేళ్ల ముందే చనిపోయింది. పోకముందు ఆవిడ, సరుకులకి పోయినప్పుడు తిరిగొచ్చిన చిల్లర పోగేసి, కొడుకుల మిషను ఖర్చులకని బ్యాంకులో వేసిందట. మనిళ్లల్లో పోపులపెట్టె డబ్బుల్లాంటివే అవి. ఆ చిల్లర కూడా ఆసరా అయ్యి వెళ్లినవాడికి అక్కడ ఎవరూ తలుపు తియ్యలేదు. దిగులుపడి నాన్నకి ఉన్నమాట రాసేశాడు. ఇక్కడ నా కాలమూ నీ డబ్బూ దండగ అని. తండ్రి రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. నీ సంగతి మర్చిపో, పనిలో పడు అని దాని సారాంశం. కొడుకు మోకాళ్ల మీద ప్రార్థన చేసి పనిలో పడ్డాడు. 1995లో చర్చికి అధ్యక్షుడయ్యాక కూడా ఆ ఉత్తరం వల్లే నిలబడ్డానని చెప్పుకునేవాడు.

ఆ జవాబుని అక్కడందరూ గొప్పగా మెచ్చుకుంటారు. నేను మాత్రం అంత తేలిగ్గా మెచ్చుకోలేను. అది గోర్డన్‌కి పనికొచ్చింది, సరే. అదే మాట విని ఇంకా కుంగిపోయిన పిల్లలు ఎందరో? వాళ్లెవరూ అధ్యక్షులు కాలేదు కాబట్టి వాళ్ల ఉత్తరాలు మనదాకా రాలేదు. గడువు తీరకుండా ఇంటికి వచ్చేసే మిషనరీలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లని పలకరించే తీరులో ఊరికి ఒక వంకర ఉంటుంది. గోర్డన్ వాళ్లమ్మ బతికుంటే ఆ ఉత్తరానికి ఏమని జవాబు రాసి ఉండేదో!

ఉత్తరాల గురించి మన హైదరాబాదు ముక్క ఒకటి చెప్పకపోతే తప్పు. ఎడ్విన్ ధర్మరాజు అనే కీటక శాస్త్రవేత్త భార్య ఎల్సీతో సమోవా దీవుల్లో ఉంటూ ఈ చర్చిలో చేరారు. హైదరాబాదులో ఉన్న బంధువులకి ఆ సంగతి ఉత్తరాల్లో తెలిసి, ఏమిటిదని అడగడం మొదలుపెట్టారు. 1978 చివర ఆ దంపతులే మిషనరీలుగా సొంతవాళ్ల దగ్గరికి వచ్చారు. బంధువులూ స్నేహితులూ కలిపి ఇరవైరెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటి ఉత్తరాలతో మొదలైన ఆ వ్యవహారం ఎంత దూరం పోయిందంటే, భారతదేశంలో ఆ చర్చికి మొట్టమొదటి 'స్టేక్' 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని సంఘాలు కలిసిన మండలం లాంటిది.

ఇక 2019 సంగతి. ఆ ఫిబ్రవరిలో చర్చి పెద్దలు కొత్త నియమం పెట్టారు. వారానికోసారి, ప్రచారానికి సెలవుండే రోజున, ఇంటికి ఫోను చేసుకోవచ్చు, వీడియోలో చూసుకోవచ్చు. ఆ రోజు మామూలుగా సోమవారం. బట్టలుతుక్కోవడం, సరుకులు, క్షవరం, అన్నీ అప్పుడే. హైదరాబాదులో సోమవారం పొద్దున తొమ్మిదైతే యూటాలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. ఆదివారం కాబట్టి ఇంట్లో అందరూ ఉంటారు. తల్లిదండ్రుల పుట్టినరోజులకీ ముఖ్యమైన పండగలకీ కూడా మాట్లాడుకోవచ్చు. ఒక షరతు మాత్రం ఉంది. ఫోను పిల్లాడే చెయ్యాలి, ఇంట్లోవాళ్లు చెయ్యకూడదు. ప్రతివారం చేసి తీరాలని కూడా లేదు.

అప్పుడు పెదవి విరిచినవాళ్లున్నారు. అమ్మ మొహం వారంవారం చూస్తే పిల్లాడికి బెంగ పెరుగుతుందని, మా రోజుల్లో రెండే ఫోన్లతో గట్టిపడ్డామని. వినడానికి బాగానే ఉంటుంది. గట్టిపడినవాళ్లు చెప్పే మాటే కదా అది.

నాకైతే వీడియోయే మేలనిపిస్తుంది. ఉత్తరంలో 'బాగున్నాను' అని రాస్తే అది బాగున్నట్టే. ఫోన్లో కనిపించే మొహం అలా మాట వినదు. చిక్కిపోయిన బుగ్గలు, ఎర్రబడ్డ కళ్లు, పక్కన జతగాడున్నాడని సగంలో మింగేసిన మాట, ఇవి తల్లి కంట పడకుండా పోవు. పడితే మిషను పెద్దకి చెబుతుంది, లేదా వచ్చే సోమవారం మెల్లిగా అడుగుతుంది. 2020 వసంతంలో కోవిడ్ వచ్చి వేలమంది మిషనరీలను ఉన్నపళంగా ఇళ్లకి పంపాల్సొచ్చినప్పుడు, పిల్లలకీ పెద్దలకీ అప్పటికే ఏడాదిగా ఈ ఫోను అలవాటుంది. పాత పద్ధతిలో క్రిస్మస్ తర్వాత మే దాకా గొంతే వినకుండా ఆ రోజులు గడపాల్సి వచ్చుంటే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఉత్తరాల్లో అందముంది, కాదనను. ఆ అందం వందేళ్ల తర్వాత పుస్తకంగా చదువుకునే మీకూ నాకూ. పరాయి ఊళ్లో మంచం మీద కూర్చుని రాసే పద్దెనిమిదేళ్లవాడికి కాదు. నన్నడిగితే ఆ నియమం పదేళ్ల ముందే రావాల్సింది.